వీడియో క్యాసెట్లు – కంప్యూటరులో డ్రైవర్ల తగాదా

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం తలపెట్టిన క్యాసెట్ల పని మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించినారు. నేను ఇంజనీరును కాను. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, 1985లో మండలాలు వచ్చిన తరువాత మండల ఆఫీసుకు మారి, ఇన్‌వార్డు రిజిస్టర్ల మధ్యనే సర్వీసు ముగించినవాణ్ణి. కనుక నేను చెప్పేది గుమాస్తా బుద్ధితో చూసిన సంగతే. "లినక్సు అంటే కొత్తగా వచ్చిన మోకాళ్ళ నొప్పుల మందు అనుకొన్నాము" అని మన మిత్రులొకరు నిన్ననే అన్నారు. అటువంటి వారికి కూడా అర్థమయ్యేటట్లు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా ఈ పని ఎందుకో మనవి చేస్తాను. మనలో చాలామంది పిల్లల పెళ్ళిళ్ళు 1985కూ 2000కూ మధ్య జరిగినవే. భుజాన కెమెరా, పక్కన కళ్ళు బైర్లు కమ్మే లైటు పట్టుకొన్న కుర్రవాడు, ఇవి లేని పెళ్ళి ఉండేది కాదు. ఆ క్యాసెట్లన్నీ ఈనాడు బీరువాల పైన, అటకల మీద ఉన్నవి. వాటిలో ఉన్నది ప్లాస్టిక్ నాడా, దాని మీద బంకతో అంటించిన అయస్కాంత గుణం గల సన్నని పొడి. తేమ తగిలితే తెల్లగా బూజు పడుతుంది. బంక సడలితే పొడి రాలుతుంది. ఏమీ జరగకున్నా ఏండ్లు గడిచేకొద్దీ అయస్కాంతం బలం తగ్గుతుంది. పోనీ క్యాసెట్ బాగున్నదనుకొందాము, వేసి చూడడానికి యంత్రం కావలె గదా! వి.హెచ్.ఎస్. పద్ధతిని జపానులో జేవీసీ కంపెనీ 1976లో తెచ్చినది. చిట్టచివరి వరకూ వి.సి.ఆర్.లు తయారు చేస్తూ వచ్చిన ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో ఆ పని మానుకొన్నది. అంటే ఇప్పుడు ఇళ్ళలో మిగిలిన యంత్రాలే యంత్రాలు. ఆర్.డిస్. కట్టలో శాశ్వతంగా ఉండవలసిన కాగితం పొరపాటున ఎల్.డిస్. కట్టలో పడితే ఏమవుతుందో మనకు తెలుసు. మన క్యాసెట్ల గతి ఇప్పుడు అట్లా ఉన్నది.

మన ఊరి సంగతే ఒకటి చెబుతాను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ మన థియొసాఫికల్ కళాశాలకు వచ్చి జనగణమన పాడినారు. మార్గరెట్ కజిన్స్ గారు ఆ పాటకు స్వరం రాసిపెట్టినారు. టాగోరే దానిని ఇంగ్లీషులోకి అనువదించినారు. ఆనాటి ఆ గొంతు మనకు దక్కలేదు గానీ, కాగితం మీద పెట్టినది నిలిచినది. మన ఇళ్ళలోని గొంతులు మహనీయులవి కాకపోవచ్చు. అయినా ఆ ఇంటివారికి అవే ముఖ్యం.

మన పుంగనూరు శాఖ సభ్యులొకరు నా చేతిలో ఒక క్యాసెట్ పెట్టినారు. 1994లో వారి అమ్మాయి పెళ్ళి. వారి శ్రీమతి గారు కాలం చేసి ఏండ్లయినది. ఆమె గొంతు మిగిలి ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టులోనే. నాడా అంచున బూజు కనిపిస్తూ ఉన్నది. చూసిన మెకానిక్కు "శుభ్రం చేసి ఇస్తాను, ఒకసారి తిరుగుతుంది, రెండోసారికి నేను పూచీ పడను" అన్నాడు. ఆయన నాతో అన్న మాట ఇది: "అన్నా, బొమ్మ రాకపోయినా పర్వాలేదు. గొంతు వస్తే చాలు."

సరిగ్గా అప్పుడే మన సంఘం కంప్యూటరు మొరాయించినది.

సంఘానికి ఉన్నది పాత కంప్యూటరు. అందులో వేసినది లినక్సు. వి.సి.ఆర్. నుండి వచ్చే బొమ్మను కంప్యూటరులోకి తీసుకొనడానికి ఒక చిన్న క్యాప్చర్ పరికరం ఉన్నది. ఒక పక్క పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు, మరొక పక్క యు.ఎస్.బి. పిన్ను. దానితో ఇరవైకి పైగా క్యాసెట్లు ఎక్కించినాము. ఒకనాడు కంప్యూటరు తనంతట తాను కొత్త సాఫ్ట్‌వేర్ దించుకొన్నది. మరునాడు తెర మీద అక్షరాలు పెద్దవైపోయినవి. క్యాసెట్ వేస్తే తెర అంతా చిక్కని ఆకుపచ్చ. పెళ్ళికూతురు లేదు, పెళ్ళికొడుకు లేదు!

ఇక తలా ఒక మాట. వి.సి.ఆర్. పోయినదని ఒకరు. క్యాప్చర్ పరికరం నకిలీదని ఇంకొకరు. "తాతా, ఈ లినక్సు తీసేసి వేరేది వేసుకోండి" అని పిల్లలు. ఎవరి మాట విన్నా డబ్బు ఖర్చు. ఎవరి మాట సరి అని తేల్చడానికి ఆధారం మాత్రం ఎవరి దగ్గరా లేదు. విచారణ లేకుండా ఎవరినీ సస్పెండు చేయరాదు గదా! కనుక విచారణ మొదలు పెట్టినాము.

విచారణకు ముందు ఆ ఆఫీసు ఎట్లా నడుస్తుందో తెలియవలె. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాయడం మొదలుపెట్టిన కెర్నెల్ అనేదే లినక్సుకు గుండెకాయ. దానికి ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ఎవరైనా చదువుకొని మార్చుకొనగలిగే సాఫ్ట్‌వేర్ కావలెనని గ్నూ అనే పని ప్రకటించినారు. ఈ రెండూ కలిసి మనం వాడేది తయారైనది. మన దేశంలో సీ-డాక్ వారు బాస్ లినక్సు తెచ్చినారు. మన తెలుగువారిలో స్వేచ్ఛ అనే సంస్థ వారు మెనూలన్నీ తెలుగులో కనిపించే లినక్సు కోసం శ్రమ చేసినారు.

కెర్నెల్‌ను హెడ్డాఫీసు అనుకొండి. ప్రతి పరికరానికీ ఒక గుమాస్తా ఉంటాడు. వాడి పేరే డ్రైవరు. తెర మీద బొమ్మ వేసే గ్రాఫిక్స్ కార్డుకు ఒక గుమాస్తా. బొమ్మను లోపలికి తెచ్చే క్యాప్చర్ పరికరానికి మరొక గుమాస్తా. మొదటివాడిది డిస్పాచి సెక్షను, రెండోవాడిది ఇన్‌వార్డు సెక్షను. వీడియో పని పూర్తి కావలెనంటే ఇద్దరి చేతుల మీదుగానూ కాగితం పోవలె. తగాదా వచ్చేది అక్కడే.

ఈ తగాదా ఈనాటిది కాదు. వెనుకటి రోజుల్లో కంప్యూటరు లోపల బిగించే టి.వి. కార్డులు ఉండేవి. ఆ కార్డు బొమ్మను ఎవరికీ చూపకుండా నేరుగా గ్రాఫిక్స్ కార్డు మెమరీలోకి పంపే పద్ధతి ఒకటి ఉండేది. ఓవర్‌లే అంటారు. అప్పటి కంప్యూటర్ల వేగం చాలదు కనుక అదొక అడ్డదారి. గ్రాఫిక్స్ కార్డు మెమరీ ఏ చిరునామాలో ఉన్నదో ఇన్‌వార్డు గుమాస్తాకు ముందే చెప్పవలె. గ్రాఫిక్స్ డ్రైవరు ఆ చిరునామా మార్చి చెప్పకుండా ఉంటే, టి.వి. కార్డు వేరేవారి బల్ల మీద కాగితాలు కుమ్మరించేది. కంప్యూటరు కట్టెలాగా బిగుసుకొనిపోయేది.

ఇంకొక తగాదా చోటు కోసం. 32 బిట్ల కంప్యూటర్లలో డ్రైవర్లు పంచుకొనే ఒక మెమరీ భాగం సుమారు 128 మెగాబైట్లే. గ్రాఫిక్స్ కంపెనీ ఇచ్చిన డ్రైవరు అందులో ఎక్కువ భాగం ఆక్రమిస్తే, క్యాప్చర్ కార్డుకు కూర్చొనడానికి చోటు ఉండేది కాదు. కంప్యూటరు మొదలయ్యేటప్పుడే ఆ భాగాన్ని 256 మెగాబైట్లకు పెంచమని ఒక్క మాట రాస్తే ఇద్దరూ సర్దుకొనేవారు. 64 బిట్ల యంత్రాలు వచ్చిన తరువాత ఆ ఇరుకు పోయినది.

ఇక మన విచారణ ఏ వరుసలో నడిచినదో చెబుతాను. ఈ వరుస మీ ఇంట్లో కూడా పనికి వస్తుంది.

మొదటి నియమం. పరీక్షకు విలువైన క్యాసెట్ వాడరాదు. ఎవరికీ అక్కరలేని పాత సినిమా క్యాసెట్ ఒకటి పెట్టుకొన్నాము. పుంగనూరు వారి క్యాసెట్ బీరువాలో పెట్టి తాళం వేసినాము. విచారణ ముగిసేదాకా దాన్ని తాకరాదని తీర్మానం.

రెండవది. వి.సి.ఆర్.ను నేరుగా పాత టి.వి.కి తగిలించి చూసినాము. బొమ్మ చక్కగా వచ్చినది. కనుక వి.సి.ఆర్. నిర్దోషి, వైరు నిర్దోషి.

మూడవది. క్యాప్చర్ పరికరం హాజరు పట్టీలో ఉన్నదా? లినక్సులో టెర్మినల్ అనే నల్ల కిటికీ ఉంటుంది. అందులో ఎల్, ఎస్, యు, ఎస్, బి అని కొడితే యు.ఎస్.బి.కి తగిలించినవన్నీ పేర్లతో సహా కనిపిస్తవి. డి, ఎం, ఇ, ఎస్, జి అని కొడితే కెర్నెల్ దినచర్య కనిపిస్తుంది. ఎవరు ఎప్పుడు వచ్చినారు, ఎవరికి ఏ పని అప్పగించినారు, ఎవరు ఏమని ఫిర్యాదు చేసినారు, అంతా వరుసగా ఉంటుంది. నా మట్టుకు నాకు లినక్సులో నచ్చినది ఇదే. నోటు ఫైలు దాచిపెట్టరు. మా పరికరం హాజరైనది, దానికి డ్రైవరు అందినది, వీడియో సున్న అనే పేరుతో కుర్చీ కూడా కేటాయించినారు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, కంప్యూటరుకు కెమెరా కూడా ఉంటే వీడియో సున్న అనే కుర్చీ దానికి పోయి, క్యాప్చర్ పరికరం వీడియో రెండులో కూర్చొని ఉండవచ్చును. మనం సున్నను అడిగితే క్యాసెట్ బదులు మన ముఖమే కనిపిస్తుంది! రెండు, బజారులో ఒకే ఆకారంలో, ఒకే పేరుతో దొరికే ఈ పరికరాలలో లోపలి చిప్పు ఒకటే కాదు. ఎస్.టి.కె. 1160 అని ఒకటి, యు.టి.వి. 007 అని ఒకటి, ఎంపియా వారిది ఒకటి, సోమాజిక్ అని మరొకటి. మొదటి మూడింటికీ కెర్నెల్‌లోనే డ్రైవర్లు ఉన్నవి. నాలుగోదానికి విడిగా ఫర్మ్‌వేర్ సంపాదించవలె. కనుక కొనేటప్పుడు డబ్బా మీది పేరు చూసి మోసపోరాదు. చిప్పు ఏదో అడగవలె.

నాలుగవది పద్ధతి. మన దేశపు టి.వి.లు, క్యాసెట్లు పాల్ పద్ధతివి. 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అమెరికావి ఎన్.టి.ఎస్.సి. పద్ధతివి. 525 గీతలు, సెకనుకు సుమారు 30 బొమ్మలు. పరికరాన్ని ఎన్.టి.ఎస్.సి.లో వదిలేసి మన క్యాసెట్ వేస్తే బొమ్మ దొర్లుతుంది, లేదా రంగు పోతుంది. అయితే ఆ రోజుల్లో అమెరికా నుండి పిల్లలు పంపిన క్యాసెట్లు ఎన్.టి.ఎస్.సి.వే అయి ఉంటవి. వాటికి మాత్రం అదే పెట్టవలె. వాటిని ఆడించే వి.సి.ఆర్. కూడా ఆ పద్ధతి తెలిసినదై ఉండవలె. మా పరికరం పాల్‌లోనే ఉన్నది.

ఐదవది ఈ విచారణకంతా ప్రాణం. బొమ్మను తెర మీద చూపించకుండా, నేరుగా ఫైలులోకి రాయమన్నాము. ఎఫ్.ఎఫ్.ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది. రెండు నిమిషాలు సినిమా క్యాసెట్ నడిపి, ఆ ఫైలును ఒక కుర్రవాడి సెల్‌ఫోనులోకి ఎక్కించి చూసినాము. హీరో వచ్చినాడు, హీరోయిన్ వచ్చినది, పాట కూడా వినిపించినది!

దీని అర్థం గమనించండి. ఇన్‌వార్డు సెక్షనులో లోపం లేదు. కాగితం చక్కగా లోపలికి వచ్చి ఫైలులో చేరుతూ ఉన్నది. తెర మీద చూపే డిస్పాచి సెక్షనులోనే లోపం. ఆ ఫైలు కూడా ఆకుపచ్చగా ఉండి ఉంటే లోపం ఇన్‌వార్డులో అని తేలేది. ఈ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు కొట్టివేయవచ్చును. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఆకుపచ్చే ఎందుకని మీరు అడగవచ్చును. వీడియోలో ప్రతి చుక్కకూ మూడు అంకెలు ఉంటవి. ఒకటి వెలుగు. మిగిలిన రెండూ రంగు ఎటు మొగ్గినదో చెప్పేవి. రంగు లేదని చెప్పడానికి ఆ రెండూ మధ్యలో, అంటే 128 దగ్గర ఉండవలె. మూడింటిలోనూ సున్నలే ఉంటే లెక్క ప్రకారం ఎరుపూ నీలమూ పూర్తిగా తగ్గి ఆకుపచ్చ మాత్రమే మిగులుతుంది. అంటే ఆకుపచ్చ తెర ఖాళీ కవరు వంటిది. కవరు వచ్చినది, లోపల కాగితం లేదు. అదే నీలం తెర కనిపిస్తే అది చాలాసార్లు వి.సి.ఆర్. తానే వేసే తెర. క్యాసెట్ నుండి బొమ్మ అందలేదని దాని అర్థం. రంగును బట్టి ఏ సెక్షనుకు పోవలెనో తెలుస్తుంది.

ఆరవది. డిస్పాచి గుమాస్తా ఎవరు? ఎల్, ఎస్, పి, సి, ఐ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత, కె అని కొడితే గ్రాఫిక్స్ కార్డు పేరు, దాని కింద ఇప్పుడు పనిచేస్తున్న డ్రైవరు పేరు కనిపిస్తవి. మా కంప్యూటరులో అంతకు మునుపు పనిచేసినది కార్డు కంపెనీ వారు ఇచ్చిన డ్రైవరు. ఇప్పుడు ఆ పేరు లేదు. కారణం దినచర్యలో దొరికినది. కంప్యూటరు కొత్త కెర్నెల్ దించుకొన్నది. కంపెనీ డ్రైవరు విడిగా ఉండే సరుకు కనుక, కొత్త కెర్నెల్ వచ్చిన ప్రతిసారీ దానికి సరిపోయేటట్లు తిరిగి తయారు కావలె. కార్డు పాతది, దాని డ్రైవరును కంపెనీ వారు చాలాకాలం క్రిందటే కొనసాగించడం మానుకొన్నారు. కొత్త కెర్నెల్‌కు అది సరిపడలేదు.

అంటే కంపెనీ గుమాస్తా బదిలీ అయిపోయినాడు గానీ, బీరువా తాళాలు, రబ్బరు ముద్రలు అతని పేరుతోనే ఉండిపోయినవి. వీడియో చూపించే సాఫ్ట్‌వేర్ అలవాటు ప్రకారం అతని కిటికీ దగ్గరకే పోయి కాగితం ఇస్తూ ఉన్నది. కిటికీలో మనిషి లేడు.

ఇది నిజమేనా అని రెండు విధాల రుజువు చూసినాము. వి.ఎల్.సి. అనే ప్లేయరు ప్రాధాన్యతలలో వీడియో అవుట్‌పుట్ అని ఉంటుంది. ఆటోమేటిక్ అని ఉన్నదానిని మార్చి, త్వరితం చేసే సౌకర్యాలేవీ వాడని సాదా ఎక్స్11 పద్ధతి పెట్టినాము. వెంటనే బొమ్మ వచ్చినది! కొంచెం తడబడుతూ వచ్చినా వచ్చినది. తరువాత కంప్యూటరు ఆపి మొదలుపెట్టి, మొదట్లో కనిపించే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎన్నుకొన్నాము. కంపెనీ డ్రైవరు తిరిగి వచ్చినది, బొమ్మ మునుపటిలాగే వచ్చినది. రుజువు అయినది.

ఇక పరిష్కారం. పాత కెర్నెల్‌తోనే ఉండిపోవచ్చును, కానీ భద్రతకు సంబంధించిన సవరణలు అందవు. మన కంప్యూటరులో ఆటలు ఆడేవారు లేరు. కనుక కంపెనీ డ్రైవరును దాని సామాను సహా పూర్తిగా తొలగించి, కెర్నెల్‌తో పాటే వచ్చే ఉచిత డ్రైవరుకు చార్జి అప్పగించినాము. సగం తొలగించడం అన్నిటికన్నా చెడ్డది. ఒక కుర్చీకి ఇద్దరు గుమాస్తాలు ఉండరాదు. మరికొన్ని కొత్త కంప్యూటర్లలో సెక్యూర్ బూట్ అనే కాపలా ఉంటుంది. సంతకం లేని డ్రైవరును అది లోపలికి రానీయదు. కంపెనీ డ్రైవరు వేసినా పనిచేయకపోతే ఆ సంగతి కూడా చూసుకొనవలె.

అంతా సర్దుకొన్నదని అనుకొంటూ ఉండగా రెండవ తగాదా. ఈసారి రికార్డు చేయబోతే "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అన్నది, అంటే చోటు లేదని. సభ్యులు డిస్కు మీది ఫైళ్ళు చెరిపివేద్దామన్నారు. డిస్కులో చూస్తే సగానికి పైగా ఖాళీ! అసలు సంగతి ఏమంటే, ఆ చోటు డిస్కులోది కాదు, యు.ఎస్.బి. దారిలోది. లెక్క చూడండి. ఒక బొమ్మకు అడ్డం 720, నిలువు 576 చుక్కలు. చుక్కకు రెండు బైట్లు. సెకనుకు 25 బొమ్మలు. హెచ్చవేస్తే సెకనుకు 2 కోట్ల 7 లక్షల పైచిలుకు బైట్లు. గంటకు సుమారు 75 గిగాబైట్లు. కుదించి దాచుకొంటాము కనుక చివరికి గంటకు ఒకటి రెండు గిగాబైట్లతో సరిపోతుంది గానీ, ఆ దారిలో వచ్చేటప్పుడు మాత్రం పూర్తి బరువుతోనే వస్తుంది. అదే హబ్బుకు వెబ్ కెమెరా తగిలించి ఒకరు అమెరికాలో ఉన్న అబ్బాయితో మాట్లాడుతూ ఉన్నారు. ఇరుకు సందులో రెండు టమోటా లారీలు ఎదురుపడినట్లు అయినది! కెమెరా తీసివేసి, క్యాప్చర్ పరికరాన్ని హబ్బు లేకుండా కంప్యూటరు వెనుక పోర్టుకు నేరుగా తగిలించినాము. మరి ఆ మాట కనిపించలేదు. ఒక్క ఫైలు కూడా చెరపలేదు.

తగాదా కానివి కూడా రెండు ఉన్నవి. కదిలే మనుషుల అంచున దువ్వెన పళ్ళ వంటి గీతలు కనిపిస్తే కంగారు పడవద్దు. పాత వీడియోలో ఒక్కొక్క బొమ్మ రెండు సగాలుగా వచ్చేది, ఆ రెండు సగాలూ ఒకేసారి కనిపించడమే కారణం. ప్లేయరులో డీఇంటర్లేస్ పెడితే పోతుంది. ఇంకొకటి, ఇంటర్నెట్టులో భజన గానీ, మనుమరాలి నాట్యం గానీ తెర మీద వస్తూ ఉండగా రికార్డు చేయబోతే నల్లగా వస్తున్నదని కుప్పం మిత్రులు అడిగినారు. కొత్త లినక్సులో వేలాండ్ అనే తెర పద్ధతి ఉన్నది. ఉబుంటులో 2021 ఏప్రిల్ నుండి చాలా కంప్యూటర్లకు అదే మొదటి ఎంపిక అయినది. అందులో ఒక ప్రోగ్రాము మరొకదాని కిటికీలోకి అడగకుండా తొంగిచూడరాదు. అది లోపం కాదు, కావాలని పెట్టిన కట్టడి. అనుమతి అడిగే కొత్త రకం రికార్డరు వాడితే సరిపోతుంది. లేదా లోపలికి వచ్చేటప్పుడు ఎక్సార్గ్ అనే పాత పద్ధతి ఇంకా జాబితాలో ఉంటే దానిని ఎన్నుకొనవచ్చును.

కంపెనీ డ్రైవర్లు, ఉచిత డ్రైవర్లు అనే ఈ వాదం ప్రపంచమంతా ఉన్నదే. ఎన్విడియా కంపెనీ కార్డులకు లోపలి వివరాలు లేకుండానే, వాటి నడవడిని గమనించి కొందరు స్వచ్ఛందంగా నూవో అనే డ్రైవరు రాసినారు. అది 2010లో కెర్నెల్‌లో చేరినది. 2012లో ఫిన్లాండులో ఒక సభలో టోర్వాల్డ్స్ ఆ కంపెనీ సహకారం మీద కటువుగా మాట్లాడినారు. 2022 మేలో ఆ కంపెనీ తన కొత్త తరం కార్డుల కెర్నెల్ డ్రైవరు మూలాన్ని బయట పెట్టినది. పట్టుబట్టి పనిచేసినవారు ఉన్నందువల్ల పదేళ్ళలో ఇంత మార్పు వచ్చినది. కంపెనీ డ్రైవర్లు వేగంలో మేలని వాడేవారు చెబుతారు, అది నిజమే. మన పనికి అంత వేగం అక్కరలేదు. ఫైలు తెరిచి చూడగల వీలు మనకు ముఖ్యం.

"ఇదంతా మన వయసులో సాధ్యమా?" అని కొందరు అడుగుతారు. 2002లో మన కుప్పంలో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ, ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ అనే పని మొదలు పెట్టినప్పుడు, స్వయం సహాయక సంఘాల మహిళలు సూర్యశక్తితో నడిచే ప్రింటరు, డిజిటల్ కెమెరా భుజాన వేసుకొని పల్లెల్లో ఫోటోలు తీసి అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చినారు. అంతకు ముందు వారెవరూ కంప్యూటరు ఇంజనీర్లు కారు. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు నడిపిన మనకు, వరుసగా విచారించడం కొత్త విద్య కాదు.

ఇక పుంగనూరు వారి క్యాసెట్ సంగతి. రెండు తగాదాలూ తీరి, సినిమా క్యాసెట్ మూడు రోజులు వరుసగా ఒక్క ఆటంకం లేకుండా ఎక్కిన తరువాతనే దాన్ని బీరువా నుండి తీసినాము. కంప్యూటరుకు ఇంటర్నెట్టు తీసివేసినాము. కొత్తవి దించుకొనే పని ఆపినాము. తెర మీద బొమ్మ చూపడం కూడా మానిపించి, ఫైలులోకి మాత్రమే రాయమన్నాము. మెకానిక్కు శుభ్రం చేసిన క్యాసెట్టును ఆయన చేతనే వి.సి.ఆర్.లో పెట్టించినాము. రెండు గంటల పది నిమిషాలు ఎవరమూ ఆ గది వదలలేదు. మధ్యలో రెండుచోట్ల యంత్రం కీచుమన్నది. క్యాసెట్ చివరిదాకా తిరిగినది.

ఫైలు తెరిచి చూసినాము. బొమ్మలో తెల్లని గీతలు ఉన్నవి. తలంబ్రాల దగ్గర కొంత భాగం చెదిరిపోయినది. కానీ భోజనాల పంక్తిలో ఆమె కనిపించినారు. వీడియో కుర్రవాడు దగ్గరకు పోయి కెమెరా పెడితే, సిగ్గుపడి పక్కకు తిరిగి, "ఏమండీ, ఆ చివర కూర్చున్నవాళ్ళకు ఇంకా ఆకులు వేయలేదు, చూడండి" అన్నారు. అంతే. పది సెకన్లు కూడా లేదు. ఆయన ఆ పది సెకన్లనే మళ్ళీ మళ్ళీ పెట్టించుకొన్నారు. మేమెవరమూ మాట్లాడలేదు. తరువాత ఆ క్యాసెట్ రెండోసారి వేసి చూద్దామన్నాడు మెకానిక్కు. నాడా కొంచెం దూరం పోయి తెగినది.

కనుక సభ్యులకు నా మనవి. మొదటగా, క్యాసెట్లు ఎండలో, తేమలో ఉంచవద్దు. పడుకోబెట్టక పుస్తకాల మాదిరి నిలబెట్టి ఉంచండి. రెండవది, బూజు పట్టినదానిని మీ వి.సి.ఆర్.లో వేసి చూడవద్దు. ఆ బూజు యంత్రానికి పట్టి తరువాతి క్యాసెట్లకు కూడా అంటుకొంటుంది. మూడవది, ఇంటి వీడియో తెలియని చోటికి పంపేముందు రెండుసార్లు ఆలోచించండి. అందులో ఉన్నది మీ ఆడపిల్లల ముఖాలు. నాలుగవది, ఎక్కించిన ఫైలును ఒకేచోట ఉంచక కనీసం రెండు వేరు వేరు డిస్కులలో ఉంచి, ఒకటి పిల్లల ఇంట్లో పెట్టండి. ఐదవది, పని నడుస్తున్నంత కాలం కంప్యూటరు సాఫ్ట్‌వేర్ మార్చవద్దు. మార్చవలసి వస్తే ఏ తేదీన ఏమి మార్చినారో ఒక నోటు పుస్తకంలో రాయండి. మేము రాసిన నోటు పుస్తకం సంఘం ఆఫీసులో ఉన్నది, ఎవరైనా చూడవచ్చును.

సంఘం ఆఫీసులో క్యాసెట్ల పని కొనసాగుతూ ఉన్నది. ఇంకా అరవైకి పైగా క్యాసెట్లు వరుసలో ఉన్నవి. పనిచేసే వి.సి.ఆర్. ఒక్కటే. మీ ఇంటి అటక మీద మూలపడి ఉన్న వి.సి.ఆర్. ఏదైనా ఉంటే, చెడిపోయినదైనా సరే, పాత ఇనుప సామాను వానికి వేయకుండా మాకు ఇప్పించవలసినదిగా కోరుతున్నాను. దాని లోపలి భాగాలు దీనికి పనికి వస్తవి. మీ మనుమలు, మనుమరాళ్ళలో కంప్యూటరు తెలిసినవారు ఉంటే వారానికి ఒక్క పూట పంపండి. వారికి కంప్యూటరు తెలుసు, మనకు విచారణ తెలుసు. రెండూ కలిస్తే పని సాగుతుంది.